తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?



నేను పెద్దగా చదువుకున్నవాణ్ని కాను. మా అమ్మమ్మగారి ఊరు ఇచ్ఛాపురం దగ్గర. అక్కడ తెలుగు బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఆ తరవాత సూరత్ వెళ్లి ఇరవయ్యెనిమిదేళ్లు సాంచాల మీద పని చేశాను. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కార్మికుల రైలెక్కి కొడల వచ్చేశాను. మరి తిరిగి వెళ్లలేదు. మా గంజాం జిల్లాలో నాలాంటివాళ్లు ఇంటింటికీ ఉన్నారు కాబట్టి నా సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు.

మా చిన్న తెలుగు సంఘం చీలిపోయి, పాస్టరుగారు మారి, మళ్లీ కొంత కూడుకున్న కథ రాయమని మా కుర్రాళ్లు అడిగారు. "నువ్వే రాయాల మావా, గొడవలో నువ్వూ ఉన్నావు కదా" అన్నారు. ఆ మాట నిజమే. అందుకే నా తప్పు కూడా ఇందులో రాస్తున్నాను. మీలో చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు, గుడికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. యూనియన్ అయినా, కులసంఘం అయినా, భజన మందిరం అయినా గొడవ వచ్చే దారి ఒక్కటే అని నాకు అనిపించింది.

గొడవ ఎలా మొదలయింది

మా సంఘంలో నలభై కుటుంబాల దాకా ఉంటాయి. కూలిపని వాళ్లు, మగ్గం పని వాళ్లు, సూరత్ నుంచి డబ్బులు వస్తే తినేవాళ్లు. మా పెద్దయ్యగారు పంతొమ్మిదేళ్లు మాతో ఉన్నారు. ఆదివారం వాక్యం చెప్పి ఇంటికి పోయే రకం కాదాయన. రాత్రి పన్నెండుకి నొప్పులొస్తే ఆటో పిలిచింది ఆయన. ఆసుపత్రిలో ఒడియాలో డాక్టరుగారితో మాట్లాడింది ఆయన. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చి చర్చి రేకులు ఎగిరిపోతే నిచ్చెనెక్కి మేకులు కొట్టింది కూడా ఆయనే. అలాటి మనిషికి వయసు మీద పడింది, మోకాళ్లు పట్టేశాయి. కూతురి దగ్గరికి వెళ్లిపోతానన్నారు.

ఆయన వెళ్లిన మర్నాటి నుంచే మాలో మాట తేడా వచ్చింది. పెద్దవాళ్లం ఒకాయన్ని అనుకున్నాం. ఆయనకి తెలుగు బాగా వచ్చు, పాత కీర్తనలు వచ్చు. కుర్రాళ్లు ఇంకొకాయన్ని అనుకున్నారు. ఆయన ఒడియాలో కూడా చెప్పగలడు. మా పిల్లలు ఒడియా బళ్లో చదివారు. వాళ్లకి తెలుగు మాట్లాడ్డం వచ్చుగానీ చదవడం రాదు. పాటల పుస్తకం చేతికిస్తే బొమ్మలు చూసినట్టు చూస్తారు. "మాకు అర్థమయే భాషలో ఒక్క పాటయినా పాడండి" అని రెండేళ్ల నుంచి అడుగుతున్నారు. మేం "చూద్దాంలే" అంటూ వచ్చాం.

దాని మీద ఇంకో మాట వచ్చి పడింది. ఆ తుఫాను తరవాత రేకుల కోసం వసూలు చేసిన డబ్బు లెక్క ఎప్పుడూ చదవలేదని ఒక కుర్రాడు లేచి అడిగాడు. అప్పటికి కానుకల పెట్టె తాళంచెవి నా దగ్గర ఉంది. డబ్బు తీసుకున్న రోజుల్లో నేను సూరత్‌లో ఉన్నాను, దాంతో నాకు సంబంధం లేదు. అయినా నాకు ఒళ్లు మండిపోయింది. "నన్ను దొంగ అంటున్నావేటిరా" అని అరిచాను. ఆ పిల్లడు అడిగింది లెక్క. నేను విన్నది దొంగ అన్న మాట. ఆ రోజు నేను పుస్తకం తీసి "ఇదిగో చూసుకో" అనుంటే గొడవలో సగం అక్కడే చల్లారేది. పుస్తకం చూపించలేదు. తాళంచెవి మొలతాడుకి కట్టుకుని ఇంటికి వచ్చేశాను.

రెండో నెలకి పద్నాలుగు కుటుంబాలు విడిపోయాయి. ఒకరి ఇంటి అరుగు మీద వేరే కూడిక పెట్టుకున్నారు. అందులో మా సొంత చెల్లెలు కుటుంబం కూడా ఉంది. ఏడాదిన్నర మా చెల్లెలు నాతో మాట్లాడలేదు. కొళాయి దగ్గర ఎదురుపడితే బిందె పట్టుకుని పక్కకి తిరిగేది.

గునపాల కోసం వచ్చిన రాత్రి

వాన రోజుల్లో ఒక రాత్రి తలుపు కొట్టారు. అవతలి కూడికకి వెళ్లే ఎండుచేపల ముసలమ్మ చనిపోయింది. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లిద్దరు గుమ్మంలో తడిసి నిలబడ్డారు.

"మావా, గునపాలు, పారలు చర్చి గదిలో ఉన్నాయి. తాళం నీ దగ్గరుంది" అన్నాడొకడు. రెండోవాడు నేలచూపులు చూస్తున్నాడు. లెక్క అడిగినవాడు వాడే.

నాకు సిగ్గేసింది. ఆ ముసలమ్మ నా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలగని రోజు గంజి పోసిన మనిషి. ఆమె గొయ్యి తవ్వడానికి నా అనుమతి కావలసి వచ్చింది. నేను గొడుగు తీసుకుని వాళ్లతో వెళ్లాను. గది తీశాను. ఊరికే తిరిగొచ్చేయలేక నేనూ ఒక పార పట్టుకున్నాను. ఆ వానలో రెండు వైపుల వాళ్లం కలిసి తవ్వాం. తెల్లారేసరికి మా చెల్లెలు టీ తెచ్చింది. అందరికీ ఇచ్చింది, నాకూ ఇచ్చింది. మాట్లాడలేదుగానీ నా గ్లాసులో పంచదార తక్కువ వేసింది. నాకు షుగరుందని ఆమెకి గుర్తుంది.

ఆ రోజు నుంచి నేను ఒకటే ఆలోచించాను. తాళంచెవి నా దగ్గర ఉండడం వల్ల సంఘానికి ఏం మేలు జరిగింది? ఏమీ జరగలేదు. అది నా చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లిన రాత్రే నాకు కొంచెం మంచి జరిగింది.

మనకంటే ముందు పడినవాళ్లు

బరంపురంలో నాకు తెలిసిన రిటైర్డు మాష్టారు ఒకరున్నారు. మా గొడవ చెప్పి బాధపడితే ఆయన నవ్వి, "మీరే మొదటివాళ్లనుకుంటున్నావా?" అని పాత సంగతులు చెప్పారు. ఆయన ఇచ్చిన పుస్తకం కూడబలుక్కుని చదివాను కూడా.

మన ఉత్తరాంధ్రలో, ఇటు పర్లాకిమిడి వైపు కెనడా మిషన్ వాళ్ల చర్చిలు, బళ్లు చూసే ఉంటారు. సోంపేట మిషన్ ఆసుపత్రి పేరు వినని ఇల్లు మన వైపు ఉండదు. ఆ పని మొదలుపెట్టింది తెల్లదొర అని నేను అనుకునేవాణ్ని. మొదట పునాది వేసినవాడు థామస్ గాబ్రియేలు అనే తెలుగు మనిషి. తంతి ఆఫీసులో ఉద్యోగం చేసేవాడు. మనలాగే జీతగాడు. ఆ ఉద్యోగం వదులుకుని కాకినాడ వైపు సంఘం కట్టాడు. తన ఒక్కడి వల్లా అది నిలవదని తెలిసి, తెలుగు నేల మీదే పని చేస్తున్న జాన్ మెక్‌లారిన్ అనే కెనడా ఆయన్ని రమ్మని అడిగాడు. 1874లో మెక్‌లారిన్ కాకినాడ చేరాడు. ఏడాది తిరిగేసరికి, 1875 మొదట్లో, గాబ్రియేలు చనిపోయాడు.

ఒక్కసారి ఆలోచించండి. తాను చెమటోడ్చి కట్టినదాన్ని తన భాష కాని, తన ఊరు కాని మనిషి చేతిలో పెట్టడం ఎంత కష్టం! "ఇది నాది" అని పట్టుకు కూర్చుంటే ఆయనతోపాటే ఆ సంఘం కూడా పోయేదేమో. బతికుండగానే ఇచ్చాడు కాబట్టి పని ఆగలేదు.

ఇంకొకాయన దోర్నకల్ బిషప్పుగారు, అజరయ్యగారు. ఆయన తమిళుడు, తిరునెల్వేలి వైపు మనిషి. తెలుగువాళ్ల మధ్యకి వచ్చి తెలుగు నేర్చుకుని పని చేశారు. 1912లో ఆయన్ని బిషప్పు చేశారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. మన దేశం మనిషికి అంత పదవి ఎలా ఇస్తారని అప్పుడు అడ్డుపడ్డవాళ్లు ఉన్నారు. అలా అడ్డుపడ్డవాళ్లలో తెల్లవాళ్లే కాదు, మనవాళ్లూ ఉన్నారట. నాయకుడు మారడం అంటే అప్పుడూ భయమే.

అజరయ్యగారికి ఒక పెద్ద కోరిక ఉండేది. ఆంగ్లికన్, మెథడిస్టు, ఇంకా వేరే మిషన్లు అని ఊరూరా ముక్కలయిన సంఘాలు ఒకటవాలని. 1919లో తరంగంబాడిలో దాని కోసం కూడిన సభలో ఆయన ముఖ్యుడు. ఆ తరవాత మాటలు, చర్చలు ఇరవయ్యెనిమిదేళ్లు నడిచాయి. నేను సూరత్‌లో పని చేసినన్ని ఏళ్లు! 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అజరయ్యగారు అది చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు.

అక్కడితో అందరూ ఒకటయిపోయారా అంటే, లేదు. నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాల్లో చాలామంది ఆ కలయికలో చేరలేదు. అదే వాక్యం, అదే తెలుగు, అయినా వేరుగా ఉండిపోయారు. పాతికేళ్లు దాటాక, 1970లలో నంద్యాల డయోసిస్ కూడా అందులో చేరింది. ఆ చీలిక రోజున పుట్టిన పిల్లలకి అప్పటికి పెళ్లిళ్లయి పిల్లలు పుట్టి ఉంటారు.

మాష్టారు ఇది చెప్పినప్పుడు ముందు నాకు నీరసం వచ్చింది. తరవాత ధైర్యం వచ్చింది. చదువుకున్న పెద్దలకి, బిషప్పులకి అన్నేళ్లు పట్టిందంటే, మా నలభై ఇళ్ల వాళ్లకి మూడేళ్లు పట్టడం వింత కాదు. ఆలస్యం అయిందని అంతా అయిపోయినట్టు కాదు.

బాధ పడ్డవాళ్ల చేతికే పని

బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం నేను చాలాసార్లు విన్నాను. మా గొడవ తరవాత చదివితే వేరేగా కనిపించింది. అక్కడా గొడవ భాష దగ్గరే. యెరూషలేము సంఘంలో హెబ్రీ మాట్లాడేవాళ్లు, గ్రీకు మాట్లాడేవాళ్లు ఉన్నారు. రోజూ పంచే భోజనంలో మా విధవరాళ్లని చిన్నచూపు చూస్తున్నారని గ్రీకువాళ్లు సణిగారు. అప్పుడు ఏడుగుర్ని ఎన్నుకుని ఆ పని అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు, తిమోను... ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లేనని మాష్టారు చూపించారు.

నేను ఆశ్చర్యపోయాను. మేమయితే ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, మధ్యలో ఒకరు అని పంచాయితీ పెట్టేవాళ్లం. వాళ్లు అలా చెయ్యలేదు. ఎవరు నొచ్చుకున్నారో ఆ వైపు పేర్లవాళ్లకే గరిటె ఇచ్చేశారు. ఇక సణగడానికి ఏముంది?

పౌలు, బర్నబా సంగతి కూడా అంతే. మార్కు అనే కుర్రాణ్ని వెంట తీసుకెళ్లాలా వద్దా అని పోట్లాడుకుని చెరో దారి పట్టారు. చాలా ఏళ్ల తరవాత పౌలు జైల్లో ఉండి, ఆ మార్కునే తన దగ్గరికి తీసుకురమ్మని ఉత్తరం రాశాడు. పనికిరాడన్న కుర్రాడే చివరికి పనికొచ్చాడు. మన కుర్రాళ్ల మీద కోపం వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

షిఫ్టు మారినట్టు

సూరత్‌లో పన్నెండు గంటల షిఫ్టు. పొద్దున నైట్ షిఫ్టువాడు దిగుతాడు, డే షిఫ్టువాడు ఎక్కుతాడు. మంచి కారిగరు అయితే చెప్పాపెట్టకుండా వెళ్లిపోడు. నిద్ర ముంచుకొస్తున్నా రెండు నిమిషాలు నిలబడి, ఏ సాంచా మీద పోగు ఎక్కువ తెగుతోందో, ఏ బీము అయిపోవస్తోందో చెప్పి వెళ్తాడు. వచ్చినవాడు కూడా "రాత్రంతా ఏం చేశావు" అని అడగడు. తెగిన పోగు చూస్తే ముడేస్తాడు. ఎవరి షిఫ్టులో తెగిందని ముందు వెతకడు. వెతుకుతూ కూర్చుంటే గుడ్డ పాడవుతుంది, ఇద్దరి కూలీ పోతుంది.

మా సంఘంలో మేం ఆ రెండు నిమిషాలు నిలబడలేదు. పెద్దయ్యగారు వెళ్లేటప్పుడు దండలు వేశాం, ఫోటోలు దిగాం, ఏడ్చాం. ఏ ఇంట్లో ఏ కష్టం ఉందో, ఏ లెక్క మిగిలిందో, ఏ పిల్లలు ఏం అడుగుతున్నారో కూర్చుని రాసుకోలేదు. మరి పోగులు తెగక ఏమవుతాయి?

మేం చేసిన పనులు

చివరికి మేమనుకున్న ఇద్దరిలో ఎవరూ రాలేదు. మూడో ఆయన్ని పంపించారు. చిన్న వయసే. వచ్చిన మొదటి వారం చర్చిలో కూర్చోకుండా ఆ అరుగు మీది కూడికకి వెళ్లారు. "తిరిగి రండి" అనలేదట. వాళ్లతో పకాళి తిని, వాళ్లు చెప్పింది విని వచ్చారు. మాలో కొందరికి అది నచ్చలేదు. నాకూ మొదట నచ్చలేదు, ఉన్నది దాచడం ఎందుకు?

తరవాత ఒక్కొక్కటే చేశాం. మీ సంఘంలోనో యూనియన్‌లోనో ఇలాటి కష్టం ఉంటే పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటిది, లెక్క. నేను లేచి, అడిగిన కుర్రాడికి అందరి ముందు క్షమాపణ చెప్పాను. రేకుల డబ్బు పుస్తకం తెచ్చి ఇచ్చి, నువ్వే చదువు బాబూ అన్నాను. తెలుగులో రాసిన లెక్క వాడికి చదవడం రాలేదు. నేను చదివాను, వాడు ఒడియాలో రాసుకున్నాడు. డబ్బు ఎక్కడికీ పోలేదు. రెండు బిల్లులు మాత్రం దొరకలేదు. దొరకలేదనే చెప్పేశాం. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం లెక్క పైకి చదువుతాం.

రెండోది, తాళంచెవి. విడిపోయి తిరిగొచ్చిన కుటుంబంలో ఇంటర్ చదివిన అమ్మాయి ఉంది. పెట్టె తాళం ఆమెకి ఇచ్చేశాం. అవతలివాళ్ల పిల్లకి పెట్టె ఇస్తారా అని గొణిగినవాళ్లకి ఆ ఏడుగురి పేర్లు చెప్పాను. గునపాల గదికి మాత్రం తాళమే తీసేశాం.

మూడోది, భాష. ఆరాధన తెలుగులోనే. వాక్యం చదివేటప్పుడు తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి. ఒడియా పాట ఒకటి. దానికి బదులు కుర్రాళ్లు శనివారం సాయంత్రం నా దగ్గరకొచ్చి తెలుగు అక్షరాలు దిద్దుతున్నారు. 1936లో గంజాం ఒడిశాలో కలిసినప్పటి నుంచి మన పెద్దలు రెండు భాషల మధ్యే బతికారు. మనమూ బతగ్గలం.

నాలుగోది, నోరు. పెద్దయ్యగార్ని పొగిడే సాకుతో కొత్తాయన్ని తగ్గించకూడదు. "ఆయనుంటేనా..." అనే మాట మా ఇంట్లో మానేశాం. పెద్దయ్యగారే ఫోన్లో చెప్పారు, "నన్ను నిజంగా ప్రేమిస్తే ఆయనకి అన్నం పెట్టండి" అని.

అయిదోది, చావు, జబ్బు, ఆకలి. ఈ మూడింటికి ఇటు, అటు ఉండకూడదు. ఎవరి కూడికకి వెళ్తున్నారని అడగకుండా వెళ్లాలి. మా ఊళ్లో కూడుకోవడం మొదలయింది అక్కడి నుంచే.

ఇంకా రానివాళ్లు

అంతా బాగుపడిపోయిందని రాస్తే అబద్ధం. పద్నాలుగులో తొమ్మిది కుటుంబాలు తిరిగొచ్చాయి. అయిదు రాలేదు. మా చెల్లెలు వస్తుంది, మా బావ రాడు. ఆమెని దింపి, చెట్టుకింద బండి మీదే కూర్చుని ఫోను చూసుకుంటాడు. ఎండగా ఉంటే నేను మంచినీళ్లు తీసుకెళ్లి ఇస్తాను. "ఉండనీ బావా" అంటాడు, తాగుతాడు. మొదట్లో గేటు అవతల ఆపేవాడు. ఇప్పుడు చెట్టు దాకా వస్తున్నాడు. నేను తొందరపెట్టడం లేదు.

మీ సంఘం చీలిపోయి ఉంటే, కొత్త పాస్టరుగారు వచ్చి అలవాటు పడక బాధగా ఉంటే, ధైర్యం వదులుకోకండి. వెళ్లిపోయినవాళ్ల కోసం చాప పరిచే ఉంచండి. కొత్తవాళ్లకి పని నేర్చుకునే టైము ఇవ్వండి. మీ చేతిలో ఏదయినా తాళంచెవి ఉంటే, అది పెట్టెదయినా, పదవిదయినా, ఎవరు నొచ్చుకున్నారో వాళ్ల చేతిలో పెట్టి చూడండి. చెయ్యి ఖాళీ అయిందని మొదటి రెండు రోజులు వెలితిగా ఉంటుంది. నాకూ ఉండింది. మొలతాడు తడుముకునేవాణ్ని.

వచ్చే మొదటి ఆదివారం ఆ అమ్మాయి లెక్క చదువుతుంది. నేను ముందు వరసలో కూర్చుని వింటాను. అర్థం కాకపోతే చెయ్యెత్తి అడుగుతాను. ఆమె నామీద అరవదని నాకు నమ్మకం.